గోవర్ధనరావు గుడ్డల్లో ఊదారంగు

సాయిలక్ష్మి కెమెరా లోపల బూజు పట్టిపోయిందనీ, ఆ సంగతి దాచిపెట్టి ఊరందరి గుడ్డలూ దాంతోనే ఫొటోలు తీసేస్తోందనీ బందరు ఈడేపల్లిలో ఒక పుకారు పుట్టింది. కూరల బండి దగ్గర మొదలైన ఆ మాట బందరు దాటి పెడన చేరేసరికి దానికో తోక కూడా మొలిచింది. కెమెరా బాగానే ఉందట, సాయిలక్ష్మే కంప్యూటరు ముందు కూర్చుని గోవర్ధనరావు గుడ్డల మీది నలుపంతా చెరిపేసి ఊదారంగు పులిమిందట. కొత్త కెమెరా కొన్న కిరణ్‌కి పనులు వెళ్ళిపోతున్నాయన్న కుళ్ళుతో చేసిందట. కెమెరా చెడిపోతే పులమక్కర్లేదు. పులిమి ఉంటే కెమెరా చెడిపోయినట్టు కాదు. రెండూ ఒక్కసారి ఎలా నిజమవుతాయని అడిగిన మనిషి ఊళ్ళో ఒక్కరూ లేకపోయారు. తిట్టదలుచుకున్న వాళ్ళకి కారణాలు ఒకదాన్నొకటి పొడుచుకున్నా ఫరవాలేదు కాబోలు.

ఎదురింటి రమణమ్మకి ఒళ్ళు మండింది ఇక్కడే. వీధిలో ఎవరింటికి పార్సిల్ వచ్చినా అందులో ఏముందో తెలిసేదాకా ఆమెకి అన్నం సయించదు, ఆ మాట ఆమే ఒప్పుకుంటుంది. కానీ తెలుసుకోవడం వేరు, తెలియకుండా అల్లడం వేరు. అల్లేవాళ్ళంటే ఆమెకి మొదట్నుంచీ అసహ్యం.

సాయిలక్ష్మిది దివిసీమలో కోడూరు. తండ్రి అక్కడి హైస్కూల్లో గుమాస్తా. గాలివానకి బడి రేకులు లేచిపోయినప్పుడల్లా నష్టం ఫొటోలు తీయించి పై ఆఫీసుకి పంపడం ఆయన పని. వానలో ఫొటోగ్రాఫర్లు దొరక్క విసిగి, ఒక చిన్న కెమెరా కొని కూతురి చేతికిచ్చాడు. ఒకసారి హెడ్మాస్టరు, ఎలాగూ తీస్తున్నావు కదమ్మా, బాగున్న గది రేకులు కూడా రెండు ఊడదీయిస్తాను, అవీ తియ్యి అన్నాడట. ఆ పిల్ల కెమెరా సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చేసింది. తండ్రికి మెమో వచ్చింది. పిల్ల మాత్రం తియ్యలేదు. అదిగో ఆ మొండితనం పెళ్ళయి బందరు వచ్చాక కూడా తగ్గలేదు. భర్త నాగసాయి గుడివాడలో సహకార బ్యాంకు ఉద్యోగి, పొద్దున్నే రైలెక్కి సాయంత్రం దిగే నెమ్మదస్తుడు. వాళ్ళిద్దరి మధ్యా గొడవొస్తే గెలిచేదెవరో వీధికంతా తెలుసు.

ఆ కెమెరా కూడా గుడివాడ నుంచి వచ్చిందే. ఫొటోల పిచ్చి ఉన్న ఒక డాక్టరు జర్మనీ సరుకని మోజుపడి తెప్పించుకుని, వాడలేక విసుగెత్తి, నాగసాయి ద్వారా ఆమెకి వదిలించుకున్నాడు. దాని వయసిప్పుడు ఇరవయ్యేళ్ళకి దగ్గర పడుతోంది. దాంతో ఫొటో తీయడమంటే ఒక తతంగం. లెన్సులోంచి చూడకూడదు, పక్కనున్న చిన్న కిటికీలోంచి చూడాలి. ఆ కిటికీలో మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. లెన్సు మీది రింగు తిప్పుతూ ఆ ఇద్దర్నీ ఒకరి మీదొకర్ని సరిగ్గా కూర్చోబెడితే అప్పుడు ఫొటో స్పష్టంగా వస్తుంది. ఒకసారి రమణమ్మ బొమ్మని అలా కూర్చోబెట్టేసరికి ఆమెకి నడుం పట్టేసింది. ఎందుకే ఈ చాదస్తం, ఫోనుతో కొడితే పోదా అని అప్పట్లోనే అడిగింది. ఫోను దానికి తోచిన రంగు వేస్తుంది పిన్నీ, ఇది ఉన్న రంగు చూపిస్తుంది అంది సాయిలక్ష్మి.

ఉన్న రంగు అన్న ఆ మాట మీదే ఆమె పదేళ్ళుగా బతుకుతోంది. పెడనలో కలంకారీ అచ్చులు వేసేవాళ్ళు, వాళ్ళ దగ్గర కొని ఊళ్ళకి అమ్మేవాళ్ళు, గుడ్డ ఫొటో కావాలంటే సాయిలక్ష్మికే ఫోన్ చేసేవారు. కాలవ గట్టు మీద ఎండలో గుడ్డ పరిచి తీసేది. ఎరుపు ఎరుపులా వచ్చేది, నారింజ కాదు, కుంకుమ కాదు, వేర్లు ఉడకబెట్టి తీసిన ఆ ఎరుపే. నలుపు నల్లగా వచ్చేది.

కిరణ్ పెళ్ళిళ్ళ ఫొటోలు తీస్తాడు. రెండేళ్ళ కింద అదే జర్మనీ కంపెనీది కొత్త కెమెరా కొన్నాడు. సాయంకాలం సాయిలక్ష్మి ఇంటి అరుగు మీదికి టీ తాగడానికి వచ్చినప్పుడల్లా వాళ్ళిద్దరికీ ఒకటే వాదన. కూరగాయలు తరుగుతూ రమణమ్మ వినేది, మధ్యలో కత్తిపీట ఆపి ప్రశ్నలేసేది. అలా ఆమెకి తెలిసిందేమిటంటే, ఫిల్ము ఉండాల్సిన చోట సెన్సరని ఒక పలక ఉంటుంది. పాత పలకని సీసీడీ అంటారు, కొత్తదాన్ని సీమాస్ అంటారు. పాత పలక తాను పట్టుకున్న వెలుతురునంతా చుక్క వెనక చుక్కగా వరసలో నిలబెట్టి ఒకే గుమ్మంలోంచి బయటికి పంపుతుంది. అందుకే అది నిదానం, అందుకే బ్యాటరీ తినేస్తుంది. కొత్త పలకలో ప్రతి చుక్కా తన లెక్క తానే అక్కడికక్కడ చెప్పేస్తుంది. అందుకని కొత్త కెమెరా మసక మండపంలో కూడా మొహాలు తేటగా తీస్తుంది, తీయబోయే బొమ్మని ముందే వెనక తెర మీద చూపిస్తుంది, వీడియో కూడా తీస్తుంది. పాతది సంజెవేళ దాటితే బొమ్మ నిండా ఇసక చల్లినట్టు చేస్తుంది. కానీ ఎండలో పాతదాని రంగులు వేరు అని సాయిలక్ష్మి. అదంతా భ్రమ అక్కా, రంగు పలకలో ఉండదు, పలక ముందున్న గాజులోనూ లోపల రంగులు కలిపే లెక్కలోనూ ఉంటుంది, నా కెమెరా ఫొటోలోనే రంగులు సర్ది మీ ఎరుపే తెప్పిస్తాను అని కిరణ్. తెప్పించనక్కర్లేదయ్యా, నాకు దానంతటదే వస్తోంది అని ఆమె. కుళ్ళున్న మనుషులు ఒక కప్పులో పకోడీలు పంచుకు తింటూ ఇలా పోట్లాడుకోరు. పుకారు పుట్టించినవాడు ఆ అరుగు మీద ఒక్కరోజు కూర్చున్నా ఆ సంగతి తెలిసేది.

అసలు జరిగింది ఇది. పామిడిముక్కల వైపు రైతుల బిడ్డ గోవర్ధనరావు గుడివాడలో బట్టల కొట్టు పెట్టి, తర్వాత పెడన కలంకారీలోకి దిగాడు. సహజమైన రంగులు మాత్రమే వాడిన గుడ్డలని పెద్ద అక్షరాలతో వేసుకుంటాడు. మొన్న వేసవిలో కొత్త రకాల మూట ఒకటి సాయిలక్ష్మికి పంపాడు. ఆమె తీసి పంపింది. ఆయన ఫొటోలు వచ్చినవి వచ్చినట్టే బొంబాయిలో పెద్ద దుకాణం ఉన్న ఒక కొనుగోలుదారుకి పంపేశాడు. ఆ ఫొటోల్లో నల్ల గీతలుండాల్సిన చోటల్లా ముదురు ఊదారంగు. బొంబాయావిడ మురిసిపోయి, ఇంత చక్కటి ఊదా ఏ చెట్టు నుంచి తీస్తారు అని అడిగింది. గోవర్ధనరావు ఒక్క క్షణం ఫొటో చూసి ఉంటే, లేదా సాయిలక్ష్మికి ఒక్క ఫోన్ కొట్టి ఉంటే సరిపోయేది. ఆయన అవేమీ చెయ్యకుండా, నేరేడు కాయలండీ, మా దివిసీమ నేరేడు అన్నాడు.

ఆవిడ ఊదా గీతల గుడ్డలు దండిగా పంపమంది. ఈయన ఇంట్లో ఉన్నవి పంపాడు. అవి నల్లవి. సరుకంతా తిరిగొచ్చింది, తిట్లతో సహా. నేరేడు మాట చెప్పింది తనేనని గోవర్ధనరావు ఎక్కడా అనలేదు. కెమెరా కుళ్ళింది అని ఒకచోట, కావాలని రంగు మార్చింది అని ఇంకోచోట అన్నాడు. బొంబాయి ఆవిడతో మాట్లాడి నేరేడు సంగతి బయటపెట్టింది ఆయన కొట్లో లెక్కలు చూసే అమ్మాయి, అదీ ఆ పిల్ల రమణమ్మ చెల్లెలి కోడలు కాబట్టి రమణమ్మ చెవిన పడింది.

పెడన నుంచి ఫోన్లు ఆగిపోయాయి. అచ్చుల ఎలీషా ఒక్కడే వచ్చి అరుగు మీద కూర్చుని వెళ్ళాడు. ఇనుప తుక్కుని బెల్లం నీళ్ళలో నానబెట్టి నలుపు కట్టే పాత పద్ధతివాడు. గోవర్ధనరావు తన దగ్గర కొనడం ఎప్పుడో మానేశాడని మాత్రం చెప్పి లేచాడు.

నాగసాయి ఒక రాజీ తెచ్చాడు. గోవర్ధనరావు దగ్గర్నుంచే తెచ్చాడు. పెడనలో నలుగురు వ్యాపారస్తుల ముందు నా కెమెరా చెడిపోయింది అని సాయిలక్ష్మి ఒక్క మాట అంటే, ఆయన రంగు మార్చిందన్న మాట వెనక్కి తీసుకుంటాడు, కొత్త కెమెరా కొనుక్కుంటే పనులూ ఇప్పిస్తాడు. అనకపోతే ఇంక ఆ ఊళ్ళో ఆమెకి గుడ్డ పరిచే వాడుండడు. ఒక్క అబద్ధం, అదీ మనిషి మీద కాదు, ఒక వస్తువు మీద, అన్నాడు నాగసాయి బతిమాలుతూ. సాయిలక్ష్మి పళ్ళెం పక్కకి నెట్టి లేచిపోయింది. ఆదివారం ఆ నలుగురూ కూర్చునేదాకా గడువు.

ఆ మధ్యాహ్నమే రమణమ్మ వీధి దాటింది. కెమెరాకి ఏమైందే అని అడిగింది. ఏమీ కాలేదు పిన్నీ అంది. కంప్యూటర్లో ఏమైనా చేశావా అంది. చెయ్యలేదు అంది. కళ్ళలోకి చూసి చెప్పింది. మరి ఊదా ఎక్కణ్ణుంచి వచ్చిందే అంటే, గోవర్ధనరావు గారినే అడగండి అని గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయింది. ఆ గిన్నెల చప్పుడు వీధి చివరికి వినబడింది.

రమణమ్మ కిరణ్‌ని పిలిపించింది. రెండు కెమెరాలూ తన డాబా మీద ఎండలో పక్కపక్కన పెట్టించింది. నల్లటివన్నీ పట్టుకురమ్మంది. ఆమె గొడుగు, నాగసాయి ప్యాంటు, ఎలీషా అచ్చు వేసిన గుడ్డ ఒకటి, గోవర్ధనరావు కొట్లో సహజ రంగని నమ్మి ఆమే కొనుక్కున్న దుప్పటా ఒకటి. పక్కింటి రిటైరైన ప్లీడరు పూర్ణచంద్రరావు గారు ఏం గొడవో చూద్దామని వస్తే, ఆయన నల్లకోటు కూడా తీగ మీద వేయించింది. సాయిలక్ష్మి కెమెరా అయితే ఇచ్చింది గానీ మేడెక్కి రాలేదు.

కొత్త కెమెరాలో అన్నీ నల్లగానే వచ్చాయి. పాతదాంట్లో ఎలీషా గుడ్డ నల్లగా ఉంది. గొడుగు వంకాయ రంగుకి తిరిగింది. దుప్పటా గీతలు అచ్చం బొంబాయి వెళ్ళిన ఫొటోల్లోలాగే ఊదాగా మెరుస్తున్నాయి. ప్లీడరు గారి కోటు ద్రాక్షపండులా ఉంది.

"ఇది వేసుకునేనా అన్నయ్యగారూ, మీరు కోర్టులో సత్యం కోసం వాదించింది?" అంది రమణమ్మ.

"కోటు ఏ రంగైతేనేం చెల్లెమ్మా, ఫీజు తెల్లగానే పుచ్చుకున్నాను" అన్నాడాయన, కోటు మడిచి చంకలో పెట్టుకుంటూ.

కిరణ్ చెప్పింది ఆమె రెండుసార్లు చెప్పించుకుని మరీ అర్థం చేసుకుంది. ఎండలో కంటికి కనబడని వెలుతురు ఒకటుంటుంది, టీవీ రిమోటులోంచి వచ్చేలాంటిది. పాత పలకైనా కొత్త పలకైనా రెండూ దాన్ని చూడగలవు. పలక ముందు గాజు పెట్టి దాన్ని ఆపుతారు. కానీ ఈ రకం కెమెరాలో లెన్సు పలకకి మరీ దగ్గరగా ఉంటుంది, అంచుల దగ్గర వెలుతురు ఏటవాలుగా పడుతుంది. గాజు మందంగా పెడితే అంచులు చెదిరిపోతాయని అప్పట్లో పలచన చేశారు. తర్వాత వచ్చిన వాటిలో ఆ చిక్కు తీర్చి మంచి గాజు పెట్టారు. పలచగాజులోంచి జొరబడ్డ ఆ వెలుతురుని కెమికల్ నలుపులు చాలావరకు తిప్పికొడతాయి, అది ఊదాగా కనబడుతుంది. ఇనుప నలుపు మింగేస్తుంది. ఇది కోర్టులో నిలిచే రుజువు కాదు పిన్నీ, కొన్ని కెమికల్ రంగులు కూడా నల్లగానే ఉంటాయి అని కూడా అన్నాడు.

రమణమ్మకి కోర్టుతో పని లేదు. కెమెరా చెడలేదు, రంగు పులమలేదు. ఆ రెండూ తేలిపోయాయి. పైగా గోవర్ధనరావు తన మెడకి కూడా కెమికల్ చుట్టబెట్టి సహజమని పేరెట్టాడు. మర్నాడే ఫొటోలు ప్రింటు తీయించి, దుప్పటా సంచిలో కుక్కుకుని గుడివాడ బస్సెక్కింది.

గోవర్ధనరావు మర్యాదలో లోటు చెయ్యలేదు. రండి అక్కయ్యగారూ అని కుర్చీ వేయించాడు, మజ్జిగ తెప్పించాడు. ఆమె మజ్జిగ ముట్టుకోలేదు. ఫొటోలు బల్ల మీద పరిచింది. నేరేడు కాయ మాట కొట్లో అందరికీ వినబడేలా అడిగింది. గుడ్డలు చూస్తున్న ఆడవాళ్ళిద్దరు చూడ్డం మానేశారు. ఆయన మొహం ఎర్రబడింది, కానీ తడబడలేదు. మీ ప్లీడరు గారి కోటు ఊదాగా వస్తే ఆయన చదువు దొంగదవుతుందా అన్నాడు. కెమెరా పిచ్చి వేషాలకి నా సరుకుని అంటే ఊరుకోనన్నాడు. తర్వాత ఫోను తీసి వేలితో వెనక్కి వెనక్కి జరిపి, ఒక ఫొటో ఆమె మొహం ముందు పెట్టాడు.

"పోయినేడు తీసింది. ఇదే గుడ్డ, ఇదే కెమెరా, మీ సాయిలక్ష్మే తీసింది. కాటుకలా ఉంది చూడండి. కెమెరా గుణమే అదైతే, పోయినేడు ఆ గుణం ఎక్కడికి పోయింది అక్కయ్యగారూ?"

రమణమ్మ ఫోను చేతిలోకి తీసుకుని పెద్దది చేసి చూసింది. కొంగలూ తీగలూ, తన దుప్పటా మీది అచ్చే. నల్లగా నిగనిగలాడుతోంది.

"అయితే పోయినేడు కూడా కెమికలే అమ్మావన్నమాట" అంది ఆమె ఫోను తిరిగిస్తూ.

ఆడవాళ్ళిద్దరూ చేతుల్లో గుడ్డలు వదిలేసి మెట్లు దిగారు. ఆ మాట పడాల్సిన చోటే పడింది. అయినా రమణమ్మకి గెలిచినట్టు లేదు. ఆయన అడిగింది మంచి ప్రశ్నే, దానికి తన దగ్గర జవాబు లేదు.

బస్సులో కూర్చుని కిరణ్‌కి ఫోన్ చేసింది. పోయినేడు నలుపు ఎందుకొచ్చిందిరా అంది. ఇంజను హోరులో అతను రెండుసార్లు అడిగించుకుని, అదా పిన్నీ, ఈ పాత కెమెరా ఉన్నవాళ్ళు లెన్సు ముందు ఇంకో గాజు బిగించుకుంటారు, ఆ దొంగ వెలుతురు ఆగడానికి, అక్క దగ్గరా ఉంది, ఎప్పుడూ తియ్యదు అన్నాడు. మరి మొన్న డాబా మీద లేదేం అంటే, అక్క కెమెరాని ఆ గాజు లేకుండానే ఇచ్చింది పిన్నీ, పరీక్షకి అలాగే కావాలి కదా అని నేనూ అడగలేదు అన్నాడు.

పెడన స్టాపు దాటేసరికి రమణమ్మ కోపం గోవర్ధనరావు మీంచి లేచి సాయిలక్ష్మి మీద వాలింది. ఈ పిల్ల కోసం ఎండలో డాబా ఎక్కింది, ప్లీడరు గారి కోటు తీగకెక్కించింది, పరాయి ఊళ్ళో కొట్టు మెట్ల మీద నోరు చేసుకుంది. ఊరంతా ఒకవైపుంటే తానొక్కతీ ఇంకోవైపు నిలబడి, ఆ పిల్ల ఏమీ చెయ్యలేదు అని నాలుగు వీధుల్లో చెప్పింది. ఆ చెప్పిన మాటకి అడుగున ఇంత చిల్లుందని అప్పుడే చెప్పి ఉండొచ్చు కదా. గిన్నెల చప్పుడు చేసింది గానీ నోరు విప్పలేదు.

బస్సు దిగి ఇంటికి కూడా పోలేదు. తిన్నగా ఎదురింట్లోకి వెళ్ళింది. నాగసాయి ఇంకా రాలేదు. సాయిలక్ష్మి కిటికీ పక్కన కూర్చుని పప్పులో రాళ్ళు ఏరుతోంది. రమణమ్మ చెప్పులైనా సరిగ్గా విడవకుండా గుమ్మంలోనే నిలబడి, సంచి కింద పడేసింది.

"ఆదివారం నలుగురిలో నీ తరఫున మాట్లాడేది నేను. నాకు అబద్ధం చెప్పలేదు గానీ నిజమూ చెప్పలేదు నువ్వు. సూటిగా అడుగుతున్నాను, సూటిగా చెప్పు. ఆ గాజు మర్చిపోయావా, కావాలని తీశావా?"

సాయిలక్ష్మి చేట కింద పెట్టింది. భయపడిన మొహం కాదు. చాలా రోజులుగా ఈ మాట ఎవరి మీదో విసరాలని పట్టుకు కూర్చున్న మొహం.

"కావాలనే తీశాను పిన్నీ. మూట విప్పగానే, సహజ రంగు గుడ్డకి ఉండే కరక్కాయ వాసన రాలేదు. అనుమానమొచ్చి గాజు తీసి ఒక్క ఫొటో కొట్టి చూస్తే నలుపు ఊదాగా వచ్చింది. పోయినేడు మూట ఆయన మనిషే విప్పి పరిచాడు, వాసన సంగతి నాకు తెలియలేదు, నేను గాజు బిగించుకుని ఈ దొంగ నలుపుని నిజం నలుపులా తీసిచ్చాను. నా చేత్తో తీసిచ్చాను. అది తెలిశాక మళ్ళీ గాజు బిగించబుద్ధి కాలేదు. ఉన్నది ఉన్నట్టు పంపాను. ఊదా ఏమిటమ్మా అని ఫోన్ చేస్తాడు, చేస్తే మొహమ్మీదే కడిగేద్దామని రెండు రోజులు ఫోను పక్కన పెట్టుకు కూర్చున్నాను. ఆయన చూస్తేగా? ఆదివారం ఈ మాట కూడా చెప్పండి, దాచక్కర్లేదు. నన్నడిగితే నేనే చెబుతాను. కెమెరా చెడిపోయిందని మాత్రం అనను. ఇంకొకడు అలాంటి గుడ్డే తెచ్చి పైన సహజమని రాసుకుంటానంటే, ఆ గాజు మళ్ళీ తీస్తాను."